ఏనుగమ్మ రమ్మంటేనే

వానాకాలంలో శ్రీలంక వెళ్లి ఏనుగుల మందను చూడాలని మా ఆవిడ మాణిక్యానికి ఏళ్లనాటి కోరిక. ఇప్పుడు టిక్కెట్టొక్కటే చాలదు కదా, మందకు పెద్దయిన ఏనుగమ్మ ఫోన్లో మనతో మాట్లాడి రమ్మనాలి. కాదందంటే ఈ ఏటికి ప్రయాణం లేనట్టే. మాణిక్యం మాత్రం గొడుగులూ రబ్బరు చెప్పులూ అప్పుడే సర్దేసింది.

"మీరు నోరు మెదపకండి. మీ కోతలు వింటే అది ససేమిరా రానివ్వదు," అంది చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

అంతలో ఫోను మోగింది. ఏనుగమ్మ మాటను ఫోనే తెలుగులోకి మార్చి వినిపించింది. "మీ ఊళ్లో వాన ఎలా ఉంటుంది?"

మాణిక్యం చాట పక్కన పెట్టి చేతులు తుడుచుకుంటోంది. ఇక నేనే అందుకున్నాను.

"అమ్మా, మా ఊళ్లో వాన పట్టిందంటే చేపలు తాటిచెట్లెక్కి ముంజలు తింటాయి. ఓసారి ఒక కప్ప నన్ను వీపున ఎక్కించుకుని పంటకాలవ దాటించింది."

మాణిక్యం నెత్తి కొట్టుకుంది. ఇంతలో బల్లమీద గ్లాసులో నీళ్లు వణికాయి. చాటలో చిక్కుడుకాయలు కదిలాయి. చెవికందని మోతేదో ఫోన్లోంచి నేలలోకి దిగి నా పక్కటెముకల్లోకి ఎక్కింది.

అప్పుడు తెలుగు వచ్చింది. "మందంతా నవ్వుతోంది. వానల్లో మాకు పిల్ల పుడుతుంది, దానికీ ఆ కప్ప కథ చెప్పాలి. రా. ఆవిడనూ తీసుకురా."

మాణిక్యం ఆ గ్లాసును రెండు చేతులా పట్టుకుంది. నీళ్లు ఇంకా నవ్వుతూనే ఉన్నాయి.