స్వీప్

జెస్లిన్ ఖాళీ నీళ్ల సీసానీ, నలిపిన చిప్స్ ప్యాకెట్‌నీ ఆ పెద్దాయన చేతిలో పెట్టింది.

ఆయన ఒక్క క్షణం వాటివంక చూసి, "థాంక్యూ" అని తన సంచిలో వేసుకున్నాడు.

నారింజ రంగు కోటు, నెరిసిన మీసం, మన దేశపు మొహం.

ఆయనెవరని యాత్ర నడిపించే డోరీన్‌ని పొద్దున్నే అడిగింది. "బిజయ్. మా స్వీప్" అంది డోరీన్.

స్వీపరన్నమాట, అనుకుంది జెస్లిన్. ఇక్కడ కెనడాలో, సస్కటూన్‌లో రోజూ కాలేజీ అయ్యాక తనూ కాఫీ షాపులో నేల తుడుస్తున్న సంగతి ఆ క్షణంలో గుర్తుకు రాలేదు.

ఆ రోజు నడక ఇరవై ఆరు కిలోమీటర్లు. కంకర రోడ్డు, రెండు వైపులా ఆవచేలలా పసుప్పచ్చగా పూసిన కనోలా చేలు. చివర నది ఒడ్డున మరియమాత మందిరం. నడిచేవాళ్లు నలభై మంది.

ఫోన్ మోగింది. అమలాపురం నుంచి తల్లి కృపాబాయి.

"ఎక్కడున్నావే?"

"నడుస్తున్నానమ్మా."

"మన పాస్టరుగారికి తెలిస్తే ఏమంటారో. మరియమ్మ దగ్గరికి మనం వెళ్లం కదే."

"మొక్కుకోడానిక్కాదమ్మా. ఆ టోపీ ఎవరిదో కనుక్కోడానికి."

"అడుగు తల్లీ. వాడు ఒక్కడే పోయాడా అని అడుగు. అదొక్కటి తెలిస్తే చాలు నాకు."

పోయినేడాది జనవరిలో అన్న క్రిస్టో కారు మంచులో జారి హైవే పక్కన బోల్తాపడింది. శవపేటికతో వచ్చిన సంచిలో అన్నది కాని నీలం ఉన్ని టోపీ ఒకటుంది. దాని మీద ఈ యాత్ర పేరు కుట్టి ఉంది. దారిన పోయే ఎవరో ఫోన్ చేశారన్న పోలీసులు, ఆ పేరు మాత్రం చెప్పకూడదన్నారు. ఎనిమిది నెలలు తిరక్కుండా జెస్లిన్ అన్న చదివిన కాలేజీలోనే సీటు తెచ్చుకుంది.

ఫోన్ పెట్టేసేసరికి బిజయ్ పక్కనే ఉన్నాడు.

"మిస్, ఇప్పుడు మీరు మాట్లాడిన భాష..." అన్నాడు ఇంగ్లీషులో.

"సారీ అంకుల్, నేను తొందరగా వెళ్లాలి."

ముందున్న వాళ్లను అందుకోవాలి మరి. టోపీ వాళ్లలోనే ఎవరిదో అయ్యుంటుంది. యాత్రికులంటే వాళ్లే కదా!

ఒక్కొక్కరి దగ్గరికీ పరిగెత్తింది.

"ఈ టోపీ మీదా?"

అంతకు మించి అడగలేకపోయింది. అన్న చనిపోయాడన్న మాట ఆమెకు ఇంకా నోట రాదు.

"నాది ఇంట్లో ఉంది."

"అందరికీ ఇచ్చారుగా."

"వేణ్ణీళ్లలో ఉతక్కమ్మా, ముడుచుకుపోతుంది."

మధ్యాహ్నానికి పాదాలు బొబ్బలెక్కాయి. అందరూ ఆమెను దాటిపోయారు. వెనక బిజయ్ ఒక్కడే మిగిలాడు.

ఆమె ఆగితే ఆగాడు. కదిలితే కదిలాడు.

"మీరు వెళ్లిపోండంకుల్."

"నువ్వు వెళ్తే నేనూ వెళ్తాను" అని నవ్వాడు.

రోడ్డు పక్కన కూర్చోబెట్టి, బూట్లు విప్పించి, బొబ్బలకు మందు రాసి పట్టీలు వేశాడు. ఆ చేతుల నెమ్మదికి జెస్లిన్ కళ్లు చెమర్చాయి. అయినా టోపీ తీసి చూపించాలని తోచలేదు. స్వీపరుకేం తెలుస్తుందిలే!

"ఒక మాట అడగొచ్చా?" అన్నాడు మళ్లీ.

"ప్లీజ్ అంకుల్, మందిరం చేరాక."

నాలుగింటికి చేరారు. బిజయ్ కాసేపు దూరంగా నిలబడి చూశాడు. జెస్లిన్ టోపీ పట్టుకుని మిగిలిన వాళ్ల దగ్గరికి కుంటుకుంటూ పోయింది. ఎల్లుండికి వాంకూవర్‌లో సరుకు దించాలంటూ ఆయన ముందే అక్కడ ఆపి ఉంచిన తన ట్రక్కెక్కి వెళ్లిపోయాడు.

ప్రార్థనకి అందరూ నది ఒడ్డున గుండ్రంగా నిలబడ్డారు.

"ఇప్పుడు మనకి అర్థం తెలియని ఆ ప్రార్థన" అంది డోరీన్.

అందరూ కళ్లు మూసుకుని ఒక్క గొంతుతో అన్నారు.

"మా చెల్లిటో చెప్పాండీ... నా చెయ్ పట్టుకోనీ ఒకాయనా కూచున్నాడనీ..."

జెస్లిన్ చటుక్కున కళ్లు తెరిచింది.

తెలుగు! ఈ నది ఒడ్డున, ఈ నోళ్లలో, అన్నయ్య మాట!

"ఇది... మీకెవరు నేర్పారు?"

"బిజయ్. మా స్వీప్."

"ఆయన చెత్త ఎత్తే మనిషి కదా?"

డోరీన్ తెల్లబోయింది.

"కాదమ్మా! స్వీప్ అంటే అందరికంటే వెనక నడిచేవాడు. దారిలో ఎవరూ తప్పిపోకుండా చూసుకునేవాడు."

జెస్లిన్ తల ఎత్తలేకపోయింది.

"బిజయ్ వాళ్లది ఫిజీ. ముత్తాతలు ఇండియా నుంచి వెళ్లారట. వాళ్లవ్వ పిలిచిన 'బాబూ' అన్న మాట ఒక్కటే ఆయనకు మిగిలింది. పోయినేడాది మంచులో ఒక కుర్రాడు చనిపోతుంటే అలాగే పిలిచాడట. ఆ కుర్రాడు ఆయనకు తన భాష వచ్చనుకుని ఈ మాట చెప్పి కన్నుమూశాడు. ఎవరికో అందాల్సిన కబురు, మరిచిపోతే పాపమని మాకందరికీ నేర్పాడు. తోటి డ్రైవర్లనందర్నీ అడిగాడు, మా భాష కాదన్నారట. నిన్ను అడగలేదూ?"

జెస్లిన్ రోడ్డు వైపు చూసింది. కంకర మీద దుమ్ము కూడా అణిగిపోయింది.

"దాని అర్థం నీకు తెలుసా?" అంది డోరీన్ మెల్లగా.

తెలుసని తలూపింది జెస్లిన్.

ఏడాదిన్నరగా ఎవరికో చేర్చాలని బిజయ్ భద్రంగా మోస్తున్న ఆ కబురులోని 'ఒకాయన' తానేనని, పాపం, బిజయ్‌కే తెలియదు.