ఒగిసో పెరట్లో లేని గూడు

ఒగిసో తన కందిరీగల గూడు ఎక్కడ దాస్తున్నాడో కనిపెట్టి, దాన్ని కాజేయాలని హొరిబె ఆ ఏడు గట్టిగా తీర్మానించుకున్నాడు.

జపాన్‌లో ఎనా కొండల్లోని ఆ ఊళ్లో కందిరీగలు పెంచని మగాడు లేడు. వేసవి మొదట్లో అడవిలోంచి పిడికెడంత గూడు తవ్వి తెస్తారు. పెరట్లో చెక్కపెట్టెలో పెట్టి అయిదు నెలలు మేపుతారు. నవంబరు మొదటి ఆదివారం పోటీలో తూకం వేయించి, ఆ తర్వాత పిల్లపురుగుల్ని అన్నంలో కలిపి వండుకుతింటారు. ఎవరి పెట్టె అయినా దారినపోయే వాళ్లందరికీ కనిపిస్తుంది. ఒగిసో పెరట్లో మాత్రం ముల్లంగి మడి తప్ప ఏమీ ఉండదు. అయినా నాలుగేళ్లుగా కప్పు అతనిదే. పోస్టాఫీసులో రిటైరైన హొరిబెకి నాలుగుసార్లూ రెండో స్థానమే.

"కొండమీదే ఎక్కడో దాచి మేపుతున్నాడు. వాడంత దొంగ ఈ చుట్టుపక్కల లేడు" అన్నాడు భార్యతో.

ఆ వేసవిలో వాళ్ల మేడమీది గదిలోకి సాయో అద్దెకు దిగింది. నగోయా పిల్ల. ఏటా వచ్చి కందిరీగలకు అతి దగ్గర నుంచి ఫొటోలు తీస్తుంది. పోయినేడు ఊళ్లోనే ఉన్న మినోవ ఇంట్లో ఉందట, ఈసారి మినోవ ఎందుకో గది ఖాళీ లేదన్నాడు. పొద్దున్నే కందిరీగలు చలికి మందకొడిగా ఉన్నప్పుడు తెల్లబట్టలు వేసుకుని వెళ్లేది. మనిషి ఊపిరి తగిలితే రేగుతాయని ఊపిరి బిగబట్టి, జానెడు దూరంలో కెమెరా పెట్టేది. అడవిలో గూడు దొరికే చోటు కట్టుకున్న పెళ్లాంతో కూడా చెప్పని మగాళ్లు, ఫొటో అనేసరికి ఆమెను వెంటబెట్టుకుని మరీ వెళ్లి చూపించేవారు.

"అడవిలో ఎవరి గూడు ఎక్కడుందో మాత్రం అడక్కండి హొరిబె గారూ. చెప్పనన్న నమ్మకంతోనే నన్ను రానిస్తున్నారు" అంది మొదటిరోజే.

"అబ్బే, నాకెందుకమ్మా. ఊరికే బొమ్మలు చూస్తాను."

ఒకరోజు భోజనాల దగ్గర కంప్యూటర్లో ఓ ఫొటో చూపించింది. కందిరీగ ఒకటి గూటిలోంచి మట్టిబెడ్డ నోట కరుచుకుని బయటికొస్తోంది.

"ముఖం మీద వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు, చూడండి" అంది మురిసిపోతూ.

హొరిబె ముఖం చూడలేదు, మట్టి చూశాడు. నల్లటి బొగ్గు రవ్వలు, మధ్యమధ్య కాలిన ఎర్రమట్టి. అలాంటి మట్టి ఆ కొండమొత్తం మీద పాత బొగ్గుబట్టీ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు.

"ఇది ఒగిసోదేనా?"

సాయో కంగారుపడి కంప్యూటర్ మూసేసింది. హొరిబెకి అది చాలు. ఇంకో గిన్నెడు అన్నం పెట్టించుకుని తిన్నాడు.

రెండురోజుల తర్వాత ముసురు పట్టింది. వానకు కందిరీగలన్నీ గూట్లోనే ఉంటాయి, కొండమీద మనుషులుండరు. హొరిబె కందిరీగల్ని మత్తెక్కించే పొగబాంబు, గునపం తీసుకుని బయల్దేరాడు. ఎవరి కంటా పడకూడదని నల్ల కోటు, నల్ల టోపీ వేసుకున్నాడు. నలుపు చూస్తే కందిరీగలు ఊరుకోవని ఆ ఊళ్లో పాలుతాగే పిల్లలకు కూడా తెలుసు. అరవై ఎనిమిదేళ్లు వాటి మధ్య బతికిన పెద్దమనిషికి ఆ పూట గుర్తురాలేదు.

గూడు ఇంటికొచ్చింది. ముఖం మాత్రం ఉడికించిన చిలగడదుంపలా తయారైంది. అడిగినవాళ్లకు పంటినొప్పి అని చెప్పాడు. సాయో అదీ అడక్కుండానే మందు తెచ్చి రాసింది.

అక్కణ్ణుంచి మేత మొదలైంది. కోడి గుండెకాయలు, కాలేయం, పంచదార నీళ్లు. వాటి నోటికి మెత్తగా ఉండేలా సన్నగా తరిగి మూడుపూటలా పెట్టాడు.

"పెళ్లయి నలభై ఏళ్లయింది. ఒక్కనాడు నాకు ఓ ముక్క తరిగిచ్చిన పాపాన పోలేదు" అంది భార్య.

"నువ్వు కప్పు తెస్తావా?"

గూడు గంపంత అయింది. ఒగిసో అటుగా వెళ్తూ రోజూ పలకరించేవాడు, గూడు మాట మాత్రం ఎత్తేవాడు కాదు. దొంగచాటుగా దాచుకున్నది పోతే ఎవరికి చెప్పుకుంటాడులే అని హొరిబె లోలోపల నవ్వుకునేవాడు. ఈసారి కప్పు తనదే. దాన్ని పెట్టడానికి అలమరలో చోటు కూడా ఖాళీ చేశాడు.

పోటీకి ముందురోజు మధ్యాహ్నం ఒగిసో వచ్చాడు. టీ తాగి, కవర్లోంచి ఓ ఫొటో తీసి బల్లమీద పెట్టాడు. పిడికెడంత గూడు, ఓ దేవదారు పుల్లకు వేలాడుతోంది. పుల్లమీద కాల్చి వేసిన ఒగిసో పేరు ముద్ర. దానిమీద కూర్చుని కందిరీగ గూడు అల్లుతోంది. ముద్రలో ప్రతి గీతా స్పష్టంగా కనిపిస్తోంది.

"జూన్‌లో ఆ పుల్ల గూటికి నేనే గుచ్చాను. గూడు దాని చుట్టూ అల్లుకుంటూ పెరిగింది. ఇప్పుడది నీ గూడు మధ్యలో ఉంది" అన్నాడు ఒగిసో. "రేపు తూకం వేసేముందు అందరి ఎదుటా పొరలు విప్పుతారు కదా."

హొరిబె ఫొటోను బోర్లించి పెట్టాడు.

"పోనీ పోటీకి రావడం మానేస్తాను" అన్నాడు.

"మానెయ్. గూడు నా బండిలో ఎక్కించి మానెయ్. ఏమైందని అడిగితే చీమలు పట్టాయని చెప్పు. నేనెవరితోనూ అనను."

ఇద్దరూ కలిసే ఎక్కించారు.

ఆదివారం ఒగిసో గూడు ఆరు కిలోల రెండు వందల గ్రాములు తూగింది. అయిదోసారి కప్పు అతనికే. అందరికంటే ఎక్కువసేపు చప్పట్లు కొట్టింది హొరిబె.

సాయంత్రం సాయోను స్టేషన్లో దించడానికి ఒగిసో తన బండిలో తీసుకెళ్లాడు. బండి ఊరు దాటింది.

"పోయినేడు మినోవ గారి కంటే ఈసారి హొరిబె గారే బాగా మేపారు మావయ్యా" అంది సాయో. "వచ్చే ఏడు నేను ఎవరింట్లో దిగాలి?"