విజయకుమారి అప్పడాలు

చేతిలోని అప్పడాల ప్యాకెట్టుని చిట్టిబాబు తన బావ ఢిల్లీశ్వరరావు ముందు విసిరికొట్టాడు.

"అక్క ఏదీ? పిలు బావా. ఇదేటో నాకు తెలాల."

ఢిల్లీశ్వరరావు ప్యాకెట్టు తీసి దులిపాడు. అతని వేళ్ళకి మినప్పిండి అంటుకుని ఉంది. వసారా నిండా పాత చీరల మీద అప్పడాలు ఆరుతున్నాయి. గొడవపడి వెళ్ళిపోయి, ఫోన్ నంబరు కూడా ఎవరికీ ఇవ్వని బావమరిది ఇన్నాళ్ళకి గుమ్మంలో నిలబడ్డాడు.

ప్యాకెట్టు మీద పైన ఒడియాలో, కింద తెలుగులో 'విజయకుమారి అప్పడాలు, హల్దియాపదర్' అని ఉంది. ఆ కింద ఎర్రటి అక్షరాలు: 'ఇంటికి రా తమ్ముడూ, అప్పడం వేయించి పెడతాను.'

"కూకో. ఎక్కణ్ణించి రావడం?"

"సూరత్ నించి. కూకోడానికి రాలేదు. మా మిల్లు కాడ కొట్టు నిండా ఇవే. ఈ విజయకుమారి మా అక్కేనని నోరు జారినాను. అప్పట్నించీ 'ఏరా తమ్ముడూ, ఇంటికెల్లవా' అని ఒకటే ఏడిపిస్తన్నారు."

"మంచి మాటే గదా."

"తాగొచ్చినానని వీధిలోకి గెంటీసింది తనే. గుమ్మం ఎక్కొద్దన్నదీ తనే. ఇప్పుడు యాపారానికి తమ్ముడు కావలసొచ్చినాడా?"

ఢిల్లీశ్వరరావు వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించాడు.

"గేట్ బజార్‌లో కొట్టు లోకనాథ్ కూడా ఆ మాట తీసీమన్నాడు," అన్నాడు లోపలి నుంచే. "'కరకరలాడే అప్పడం' అని ఏసుకో, ఇంకా బాగా పోతాయన్నాడు. నేనొప్పుకోలేదు. మనోళ్ళు ఎక్కడెక్కడ పనికెల్తారో అక్కడికల్లా పంపమన్నాను."

వేయించిన అప్పడం పళ్ళెంలో పెట్టి తెచ్చాడు. తినకూడదనే అనుకున్నాడు చిట్టిబాబు. కానీ రైల్లో సరిగ్గా తిండి లేదు. ఓ ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు. నమలడం ఆగింది.

"ఇది అక్క సేతిది కాదు. ఉప్పెక్కువ. ఇంగువ వాసనే లేదు. మనుషుల్ని పెట్టి సేయిస్తందా?"

"నేనే సేస్తన్నాను. ఇంకా కుదరలేదు."

ఫ్యాక్టరీలో ఫిట్టరుగా పనిచేసిన బావ అప్పడాలు ఒత్తుతున్నాడంటే చిట్టిబాబుకి నవ్వొచ్చింది. దాంతో సగం కోపం పోయింది. చెప్పులు విడిచి చాప మీద కూర్చున్నాడు.

"పిలు బావా. లోపల దాక్కున్నాదేటి? తిడితే తిట్టనీ, పడతాను. తాగుడు మానీసినానని సెప్పాల. తనొచ్చి ఏయించి ఎడితేనే ఇంకోటి తింటాను."

ఢిల్లీశ్వరరావు తువ్వాలుతో చేతులు తుడుచుకుని అతని ఎదురుగా కూర్చున్నాడు.

"దాక్కోలేదురా. నువ్వెల్లిన ఏడాదికే జొరమొచ్చి పోయింది. ఆఖర్న నీకు సెప్పమన్న మాట ఆ ప్యాకెట్టు మీదున్నదొక్కటే. నువ్వే ఊర్లో ఉన్నావో తెలీక, అప్పడాలు ఒత్తడం నేర్సుకున్నాను."