చివరి గుంజ

ఎలోదియా ఆ చేపను తోక పట్టుకుని ఎత్తి, ఇసుకలోకి విసిరికొట్టింది.

మోచెయ్యంత పొడుగు రొబాలో చేప. మొప్పలు ఇంకా ఆడుతూనే ఉన్నాయి. పెలికాన్ పక్షులు దాని మీద ఎగబడ్డాయి.

"అయ్యయ్యో, బంగారంలాంటి చేప వదినా!" అంది ఆడబిడ్డ చోనా, చేతిలో మొక్కజొన్న రొట్టె అలాగే ఉండిపోగా.

"హోటలోడి చేప నా నిప్పుల మీద కాలదు."

చేప తెచ్చి బల్ల మీద పెట్టిన ముసలాయన పెలికాన్లకేసి చూశాడు. గడ్డిటోపీ సర్దుకున్నాడు. గాలపు నైలాను దారం చుట్టిన పాలడబ్బాను చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఎవరో డోన్ సిరీలో అట. ఏ ఊరో ఏమో, వానలు తగ్గాక వచ్చాడు.

హోటల్‌వాళ్ళు అంతకు ముందునుంచే ఒడ్డున గుంజలు పాతుతున్నారు. గుంజకీ గుంజకీ తాడు. ఆ తాడు హోటల్ గోడ దగ్గర బయల్దేరి తడి ఇసుకదాకా వచ్చేసింది. ఇంకొక్క గుంజ పాతితే నీళ్ళే.

తాడు నీళ్ళను తాకిందా, ఊరివాళ్ళకు ఏటి మొగకు దారి ఉండదు. చేప దొరికేది ఆ మొగ దగ్గరే. చేప లేకపోతే, చేపలు కాల్చి అమ్మే ఎలోదియా పొయ్యి లేదు. ఆ పొయ్యే లేకపోతే ఎలోదియా ఎవరు?

అందుకే గరిటె పట్టుకుని పోట్లాటకు వెళ్ళింది. కాపలావాళ్ళు మోచెయ్యి పట్టుకుని లాక్కొచ్చి తాడు ఇవతల పడేశారు.

ఈ ముసలాయన మాత్రం రోజూ పొద్దున్నే సరిగ్గా ఆ తాడు చివరే మోకాలి లోతు నీళ్ళలో నిలబడి గాలం విసురుతాడు. కాపలావాళ్ళు గుంజ మోసుకుంటూ వస్తారు. ఆయన్ని చూడగానే టోపీలు తీస్తారు. ఆయన చెయ్యి ఊపి ఏదో చెబుతాడు. వాళ్ళు తలూపి వెళ్ళిపోతారు.

"చూశావా? మనల్నైతే మెడపట్టి గెంటుతారు. ఆయనకైతే దణ్ణాలు. గుంజ ఎక్కడ పాతాలో చెప్పేది ఆయనే!" అంది ఎలోదియా.

"మరి రోజూ మనకు చేప ఎందుకిస్తాడు వదినా?"

"బోనులో కొబ్బరిముక్క ఎందుకు పెడతారే, ఎలుక మీద ప్రేమా?"

చోనా ఇంకో పిండిముద్ద అందుకుంది.

ఒకరోజు ఆయన బల్ల దగ్గర కూర్చున్నాడు.

"తల్లీ, ఒక చేప కాల్చి పెట్టు. కారం దట్టంగా పట్టించు."

"అయిపోయాయి."

ఆయన కళ్ళముందే మడకర్ర నిప్పుల మీద రెండు చేపలు చిటపటలాడుతున్నాయి. కారం వాసన వీధంతా ఘుమఘుమలాడుతోంది.

ముసలాయన పకపకా నవ్వాడు. "నీలాంటిది మా ఇంట్లో ఒక్కతి ఉండి ఉంటే నాకీ పాట్లు తప్పేవి."

"మీ ఇంట్లో అంట్లు తోమడానికా?"

"మా వాడికి అడ్డం నిలబడ్డానికి."

ఆ మాట ఆమె చెవికెక్కలేదు. ఆయన లేస్తూ దగ్గాడు. చాలాసేపు దగ్గాడు. పాలడబ్బాను గుడిసె రాటకు తగిలించాడు.

"ఇవాళ బరువుగా ఉందమ్మా. రేపు వచ్చి తీసుకుంటా."

ఆ రేపు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

"పీడ విరగడైంది," అంది ఎలోదియా.

ఆ వారమే ఒక పొద్దున ఒడ్డు నుంచి సుత్తి దెబ్బలు వినిపించాయి.

ఎలోదియా తొంగి చూసింది. ముసలాయన నిలబడే చోట కాపలావాళ్ళు గుంజ దించుతున్నారు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. చేతికందింది ఆ పాలడబ్బానే. దాన్ని లాక్కుని, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తింది. అలల్లోకి దిగి, గుంజకూ సముద్రానికీ మధ్య నిలబడింది. దారం కొసన ఉన్న సీసపుగుండు తలమీద గిరగిరా తిప్పి నీళ్ళలోకి విసిరింది.

"తప్పుకోవమ్మా, గుంజ పాతాలి," అన్నాడు కాపలావాళ్ళ పెద్ద మెలెసియో.

"పాతు. నా పాదం మీద పాతు. మీవాళ్ళు పాతింది మనిషి మీదని ఊరంతా చూస్తుంది."

ఊరు నిజంగానే చూస్తోంది. చోనా పిండి చేతులతోనే వచ్చి వదిన పక్కన నిలబడింది. వలలు బాగుచేసుకుంటున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి వచ్చి నీళ్ళలోకి దిగారు.

మెలెసియో వాళ్ళవైపు చూడలేదు. పాలడబ్బానే చూస్తున్నాడు.

"అది నీ దగ్గరికెలా వచ్చింది?"

"మీ వేగుదే! మీ పెద్దమనిషిదే!"

మెలెసియో టోపీ తీశాడు.

"ఆయన మా మనిషి కాదమ్మా. ఎప్పుడు గుంజ తెచ్చినా 'నన్ను తోసి పాతండిరా' అనేవాడు. ఆయన మీద చెయ్యి వెయ్యడానికి మాకెవరికీ గుండె చాల్లేదు."

పెలికాన్ల పాలు చేసిన చేపలన్నీ ఎలోదియా కళ్ళముందు మెదిలాయి. సిగ్గుతో ఆమె మొహం కాలిపోయింది. కాళ్ళు మాత్రం కదల్లేదు.

"ఏడీ ఆయన?"

"మొన్న పోయాడు. పోయేముందు కూడా కొడుకుని ఒక్కటే అడిగాడట, తాడు ఎక్కడిదాకా వచ్చిందిరా అని."

"ఏ కొడుకు?"

మెలెసియో సుత్తి ఇసుకలో పడేసి హోటల్ వైపు చెయ్యి చూపించాడు. ఆ తెల్లగోడల యజమానిని, ఆ పాలడబ్బాతోనే అలల్లో చేపలు పట్టి, పెంచి పెద్దచేసిన తండ్రి డోన్ సిరీలో.