కొంగలు ముట్టని చేపలు

ఆదివారం నాచారం చెరువు గట్టున పిల్లల్ని కూర్చోబెట్టి పాఠం చెబుతున్నాను. "నాచును చేప తింటుంది, చేపను కొంగ తింటుంది. ఒకటి పోతే ఇంకొకటి బతకదు. దేవుడే అట్లా ముడివేశాడు!" అని బైబిలెత్తి గర్జించాను.

"ఫ్యాక్టరీ నీళ్లకు చచ్చి తేలిన చేపల్ని కొంగలు ముడుతలేవు అయ్యగారూ," అంది సాలమ్మ బిడ్డ ఎస్తేరు.

"కొంగకున్న బుద్ధి మనిషికేదీ! ఎవడు తింటాడు వాటిని?"

"మేమే. నిన్న మీరు మా ఇంటికొచ్చినప్పుడు అమ్మ అవే వండింది. వాసనొస్తున్నయని భయపడితే, ప్రార్థన జేసినంక విషమైనా ఏం జెయ్యదని మీరే అంటిరి గద."

బైబిలు ఒళ్లోకి దించాను.

"మీరు ఉపవాసమని తినలే. చెల్లె తిన్నది. పొద్దుగాల్నుంచి లేస్తలేదు. జర మల్ల ప్రార్థన జేస్తరా?"