వెళ్ళొస్తా

ఇంటింటా మాటలు వినే పెట్టె వచ్చాక, అన్న మాట తప్పినప్పుడల్లా మనిషి స్కోరు పడిపోతోంది. ఫ్లాటు కోసం మొగుడూ పెళ్ళాం కలిసి అడిగిన లోను రెండోసారీ రాకపోయేసరికి వకుళకు ఒళ్ళు మండి బ్యాంకుకెళ్ళింది.

"మీవారి స్కోరే అడ్డమండి. నీళ్ళ ఫిల్టర్లు బాగుచేసి, ప్రతి ఇంట్లోనూ 'వెళ్ళొస్తా' అంటారు. మళ్ళీ వెళ్ళరు," అంది అక్కడి అమ్మాయి.

"పని బాగా చేస్తే మళ్ళీ ఎందుకెళ్తాడు? మరేమని చావాలి?"

"'పోతున్నా' అంటే సరిపోతుందండి."

మర్నాడు పొద్దున ప్రభాత్ సంచీ తగిలించుకుని గుమ్మం దాటుతూ, పెళ్ళాం నేర్పినట్టే అన్నాడు.

"పోతున్నా."

పెట్టె కమ్మగా మోగింది. స్కోరు పెరిగింది.

వకుళ పరుగున వచ్చి అతని చొక్కా పట్టుకుంది.

"అద్దె కొంపలోనే ఏడుద్దాం. ముందు సరిగ్గా చెప్పి వెళ్ళు."