మనాలి డ్రైవింగు

“మంచు రోడ్డు మీద బ్రేకు గబుక్కున తొక్కకూడదత్తా. కాలు మెత్తగా ఆనించాల,” అన్నాడు దేవరాజ్, మడివాళ మార్కెట్టు నుంచి వచ్చి కారు తమ వీధిలోకి తిప్పుతూ.

డిసెంబరులో మనాలి కొండల్లో తానే కారు నడపాలని అతని పంతం. అత్త సుబ్బలక్ష్మమ్మ సరేనంటే తప్ప ఇంట్లో ఎవరూ కదలరు.

“మంచు ఎట్లుంటాదో నువ్వెప్పుడు చూసినావప్పా?”

“వీడియోలు చూసినా గదా.”

అంతలో కుక్క అడ్డమొచ్చింది. దేవరాజ్ ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కాడు. కారు జర్రున జారి, సొంత గేటుకు జానెడు దూరంలో ఆగింది. కుక్క తోక ఊపుకుంటూ పోయింది.

అతను దిగి చూశాడు. టైర్ల కింద తెల్లగా, జిగటగా బూడిదగుమ్మడికాయ గుజ్జు.

“నడిరోడ్డులో పగలగొట్టి పోయినాడు చూడు, బుద్ధి లేనోడు.”

“నిన్న ఆయుధపూజకు మన కారుకు దిష్టి తీసింది నువ్వే గదప్పా,” అంది అత్త నింపాదిగా.

వీధి మలుపులో స్కూటరు హారన్ వినిపించింది. దేవరాజ్ రెండు చేతులూ చాపి రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు. స్కూటరు మెల్లగా దాటిపోయాక, ఇంట్లోంచి చీపురు తెచ్చి ఊడవసాగాడు.

సుబ్బలక్ష్మమ్మ కారు అద్దం దించింది.

“మనాలికి వస్తాలే. ఆ చీపురు గూడా పెట్టుకో.”